ఆదివారం కొత్త జియోక్యాష్: మొదట కనిపెట్టింది ఎవరో తేల్చుకునే పద్ధతి

అందరికీ నమస్కారం.

ధవళేశ్వరం వైపు పెట్టిన కొత్త జియోక్యాష్ (జీపీఎస్ సాయంతో వెతికి పట్టుకునే ఆటలో దాచిన డబ్బా) ఈ ఆదివారం ఉదయం ఆట యాప్‌లో కనిపించవచ్చు. యాప్ సమీక్షకులు ఆమోదించినప్పుడే వస్తుంది కాబట్టి పెట్టినవారికి ఫోన్లు చేసి విసిగించకండి.

డబ్బాలోని లాగ్ పుస్తకం (కనిపెట్టినవారు పేరు రాసేది) ఖాళీగా ఉంటేనే మొదటి స్థానం మీది. అక్కడే యాప్‌లోని మీ పేరు, తేదీ, సమయం రాయండి. డబ్బా ఫోటో ఒక్కటే పెడితే కుదరదు. పుస్తకంలో ముందే పేరుంటే, వారు యాప్‌లో ఇంకా నమోదు చేయకపోయినా ఘనత వారిదే. లంకల్లో సిగ్నల్ సంగతి మీకు తెలియనిదా!

ఇద్దరు ఒకేసారి చేరితే కలిసి వెతికి, పేర్లు పక్కపక్కన రాసుకోండి. డబ్బా పెట్టేటప్పుడు తోడు వెళ్లినవారు పోటీలో లేనట్టే. పుస్తకంలో సంతకం ఆట నియమం. మిగతాదంతా మన మధ్య మర్యాద.

2000 మే 3న అమెరికాలోని ఒరెగాన్‌లో డేవ్ ఉల్మర్ తొలి జియోక్యాష్‌గా పెట్టిన బకెట్‌నే మూడు రోజుల్లో ఇద్దరు కనిపెట్టారు. ఈ తొందర ఆటతోపాటే పుట్టింది, తప్పు లేదు. కానీ వరుసగా మొదటి స్థానాలు కొట్టేస్తున్నవారు ఈసారి కొత్తవారికి ఒక గంట వదిలితే సంతోషిస్తాం. ఎవరిని అంటున్నామో వారికి తెలుసు!

వచ్చేవారు శనివారం రాత్రిలోగా ఇక్కడ పేరు రాయండి.

మరవద్దు: తెల్లవారకముందు కాలువ గట్ల మీద వెతకవద్దు. కొబ్బరితోటలో అడుగుపెట్టే ముందు రైతును అడగండి. డబ్బాను ఉన్నచోటే, ఉన్నట్టే దాచండి.