టోకెన్ ఒక్కటే చాలదు

సంపాదకుల వారికి,

వికీ పేజీలను బ్రౌజర్ నుంచే చిన్న జావాస్క్రిప్ట్ కోడ్‌తో దిద్దవచ్చని మీ టెక్నాలజీ పేజీలో రాశారు. సంతోషం. అయితే మీరు అచ్చు వేసిన కోడ్‌లో టోకెన్ (సర్వర్ ఇచ్చే రహస్య సంకేతం) తెచ్చుకోవడం ఉంది, మార్పును పోస్ట్ చేయడం ఉంది, మనం చదివింది పేజీలోని ఏ కూర్పో (వెర్షనో) సర్వర్‌కు చెప్పే ముఖ్యమైన లైను ఒకటి లేదు. ఇటీవలి మార్పుల పేజీ మీద కన్నేసి ఉంచడం నా అలవాటు. ఆ లైను లేని స్క్రిప్టులు చేసే నష్టం చూస్తూనే ఉన్నాను.

ఆ టోకెన్ (సీఎస్‌ఆర్‌ఎఫ్ టోకెన్ అంటారు) ఉన్నది, వేరే సైటు ఏదో మన లాగిన్‌ని చాటుగా వాడుకోకుండా చూడటానికి. మనం చదివిన పాఠ్యమే ఇప్పటికీ సర్వర్‌లో ఉందా అన్నది దానికి పట్టదు. ఒకరి స్క్రిప్టు పొద్దున బోలెడు పేజీలు చదివి పెట్టుకుని, అక్షరదోషాలు దిద్ది, ఒక్కొక్కటే తిరిగి పంపుతూ ఉంటుంది. ఈలోగా ఇంకొకరు అందులో ఒక పేజీకి మూలాలతో సహా రెండు పేరాలు చేర్చారనుకోండి. స్క్రిప్టు తన దగ్గరున్న పాత పాఠ్యాన్ని మొత్తంగా పెట్టేసరికి ఆ పేరాలు గల్లంతు. ఎర్రర్ రాదు సరికదా, ‘సక్సెస్’ అని వస్తుంది! దిద్దుబాటు సారాంశంలో ‘అక్షరదోషాల సవరణ’ అని ఉంటే తేడా తెరిచి చూసేదెవరు? పేరాలు రాసినాయన మాత్రం తన మీద ఎవరో కక్ష కట్టారనుకుంటాడు. కొత్తవాడైతే మళ్లీ ఆ వైపు రాడు.

వికీపీడియా లాంటి వికీలను నడిపే మీడియావికీ సాఫ్ట్‌వేర్‌లో దీనికి దారి ఉంది. మనం చదివిన కూర్పు సంఖ్యను బేస్‌రెవ్‌ఐడీగా గానీ, దాని సమయాన్ని బేస్‌టైమ్‌స్టాంప్‌గా గానీ జతచేసి పంపాలి. అప్పుడు కలపడానికి వీలైతే సర్వరే రెండు మార్పులనూ కలుపుతుంది, కాకపోతే దిద్దుబాటు ఘర్షణ అని తిప్పికొడుతుంది. వికీ లోపలే నడిచే స్క్రిప్టు అయితే మీడియావికీ ఇచ్చే ఎమ్‌డబ్ల్యూ ఏపీఐ అనే కోడ్ లైబ్రరీలోని ఎడిట్ ఫంక్షన్ ఈ సంగతి తనే చూసుకుంటుంది. అడుగున ఒక వాక్యం చేర్చడమే పనైతే అపెండ్‌టెక్స్ట్ అనే పారామీటర్ ఉంది, పాత పాఠ్యం జోలికే పోనక్కర్లేదు.

అభ్యర్థన ఏ సైటు నుంచి వస్తోందో చెప్పే ఆరిజిన్ అనే పారామీటర్ దగ్గర నక్షత్రం గుర్తు పెడితే బయటి సైటు నుంచి కూడా పని జరుగుతుందన్నారు. జరుగుతుంది, కానీ లాగిన్ లేని మనిషి చేసినట్టే. టోకెన్‌గా ప్లస్, పక్కన బ్యాక్‌స్లాష్ మాత్రమే వచ్చిందంటే సంగతి అదే. మార్పు మన పేరు మీద పడాలంటే ఓఆత్ (పాస్‌వర్డ్ ఇవ్వకుండానే మన ఖాతా తరఫున పనిచేయడానికి అనుమతిచ్చే పద్ధతి) లాంటిది కావాలి. పని మధ్యలో లాగిన్ పోవడమూ మామూలే. లాగిన్ ఉందో లేదో సరిచూసే అసర్ట్ అనే పారామీటర్ విలువ యూజర్ అని ఇస్తే అలాంటప్పుడు మార్పు భద్రం కాకుండా ఆగిపోతుంది.

ఈసారి కోడ్ వేసేటప్పుడు ఆ కూర్పు సంఖ్య లైను కూడా వేయండి. చోటు చాలకపోతే స్క్రీన్‌షాట్ చిన్నది చేయండి.

ఇట్లు,
ఒక వికీ వాడుకరి