చౌక వీపీఎన్ రౌటర్ల విషయంలో మా సలహా మార్చుకున్నాం

మా దగ్గర వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా మరో నెట్‌వర్క్‌లోకి చేరే, బయటివారు చూడలేని దారి) రౌటర్ కొన్నవారికి, కొనబోతున్నవారికి ఒక మాట. చిన్న ఆఫీసు అనగానే ఇంతకాలం ఒకే చౌక రౌటర్ చూపిస్తూ వచ్చాం. కొందరి విషయంలో ఆ సలహా తప్పింది. ఆ తప్పు మాదే.

నలుగురు పనిచేసే ఒక అకౌంట్స్ ఆఫీసులో ఆ రౌటర్ పెట్టి, ఇళ్ల నుంచి ఆఫీసు ఫైళ్లు తెరుచుకునేలా ఓపెన్‌వీపీఎన్ అనే వీపీఎన్ సాఫ్ట్‌వేర్ అమర్చాం. వారం తిరక్కుండానే ఫోన్ వచ్చింది. "నెట్ బాగానే ఉందండీ, వీపీఎన్ పెట్టగానే ఫైలు తెరుచుకోవడం లేదు" అన్నారు. వెళ్లి చూస్తే రెండు వైపులా లైను 100 ఎంబీపీఎస్ ఇస్తోంది, వీపీఎన్‌లో మాత్రం 12 దాటడం లేదు. పెద్ద ఫైలు ఒకటి కాపీ చేయమని చెప్పి, రౌటర్‌లోకి లాగిన్ అయి ప్రాసెసర్ వాడకం చూస్తూ కూర్చున్నాను. కాపీ మొదలైందో లేదో ఓపెన్‌వీపీఎన్ ఒక్కటే ప్రాసెసర్‌ను మొత్తం తినేసింది. ఆపగానే తగ్గిపోయింది. ప్రతి ప్యాకెట్‌నూ (డేటా ముక్కనూ) ఎన్‌క్రిప్ట్ చేయడం, అంటే బయటివారు చదవలేని రూపంలోకి మార్చడం, ఆ ప్రాసెసర్ శక్తికి మించిన పని. అమ్మేముందు ఆ పరీక్ష మేమే చేసి ఉండాల్సింది.

అట్టపెట్టె మీద 1200 అని ఉండే అంకె వైఫై రెండు బ్యాండ్ల గరిష్ఠ వేగాలను (300, 867) కలిపి, దగ్గరి వందకు సవరించి వేసింది. వీపీఎన్ వేగం గురించి అది ఏమీ చెప్పదు. ఆ వేగాన్ని తేల్చేవి ప్రాసెసర్, ప్రోటోకాల్ (వీపీఎన్ నడిచే పద్ధతి). ఓపెన్‌వీపీఎన్ మామూలుగా కెర్నల్‌కు (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయకు) బయట, ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మీద నడుస్తుంది. అది వాడే ఏఈఎస్ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి హార్డ్‌వేర్ సాయం లేని చౌక చిప్ మీద అది నీరసిస్తుంది. మరో వీపీఎన్ ప్రోటోకాల్ అయిన వైర్‌గార్డ్ 2020 మార్చిలో వచ్చిన 5.6 వెర్షన్ నుంచి లినక్స్ కెర్నల్‌లోనే భాగం. అది వాడే చాచా20 అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతికి అలాంటి సాయం లేకపోయినా ఇబ్బంది లేదు. అందుకే తక్కువ ధరలో చూసేవారికి ఇకనుంచి వైర్‌గార్డ్ ఉన్న రౌటరే చెబుతాం. పీపీటీపీ అనే పాత ప్రోటోకాల్ మాత్రమే ఉన్నది ఎంత చౌకగా వచ్చినా వద్దు. దాని లాగిన్ పద్ధతిని ఛేదించవచ్చని 2012లోనే బహిరంగంగా చూపించారు.

'వీపీఎన్ సపోర్ట్' అన్న మాటను నమ్మి కొనకండి. అది పాస్‌త్రూ, క్లయింట్, సర్వర్ అనే మూడింటిలో ఏదైనా కావచ్చు. పాస్‌త్రూ అంటే మీ ల్యాప్‌టాప్ నడిపే వీపీఎన్‌ను రౌటర్ అడ్డుకోకుండా వదులుతుంది, అంతే. క్లయింట్ అయితే ఇంట్లోని పరికరాలన్నింటినీ బయటి వీపీఎన్ సర్వీసుకు కలుపుతుంది. బయట ఉండి ఆఫీసులోకి రావాలంటే రౌటర్‌లో సర్వర్ ఉండాలి. మా దగ్గరికి వచ్చేవారిలో ఎక్కువమందికి కావలసింది ఇదే, అట్టపెట్టె మీద స్పష్టంగా రాయనిదీ ఇదే. ఒక్కరే వాడుకునేవారికి, చేరవలసిన చోట సర్వర్ ఉంటే, ల్యాప్‌టాప్‌లో యాప్ చాలు. రౌటర్ కొనే పనే లేదు.

సర్వర్ పెట్టేముందు రౌటర్‌లో వ్యాన్ చిరునామా (ఇంటర్నెట్ వైపు రౌటర్‌కు ఉన్న ఐపీ అడ్రసు) చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య మొదలవుతుంటే, ఇంటర్నెట్ సర్వీసు సంస్థ ఒకే పబ్లిక్ చిరునామాను మీతో పాటు పలువురికి పంచుతోందని అర్థం. అప్పుడు ఎంత మంచి రౌటర్ కొన్నా ఆ చిరునామా మీద బయటి నుంచి లోపలికి రాలేరు. ముందు వారిని విడి పబ్లిక్ చిరునామా అడగండి. అప్‌లోడ్ వేగం కూడా అడగండి, ఇంటికి చేరే ప్రతి ఫైలూ ఆఫీసు అప్‌లోడ్ మీదే రావాలి. ఇంట్లో, ఆఫీసులో రెండుచోట్లా 192.168.1తో మొదలయ్యే చిరునామాల వరుసే ఉంటే కనెక్షన్ కలిసినట్టే కనిపించి ఫైళ్లు మాత్రం దొరకవు. ఆఫీసు వరుస మార్చేస్తే సరి.

ఫర్మ్‌వేర్ (రౌటర్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్లు ఆగిపోయిన మోడళ్లను అరల్లోంచి తీసేశాం. 2018లో వీపీఎన్‌ఫిల్టర్ అనే మాల్వేర్ (హానికర సాఫ్ట్‌వేర్) 5 లక్షలకు పైగా పరికరాల్లో చేరింది. వాటిలో ఎక్కువ ఇళ్లలో, చిన్న ఆఫీసుల్లో వాడే రౌటర్లే.

ఆ పాత మోడల్ మా సలహా మీద కొని, వీపీఎన్‌లో ఫైళ్లు నెమ్మదిగా వస్తున్నవారు తీసుకురండి. అదనంగా ఏమీ తీసుకోకుండా వైర్‌గార్డ్ ఉన్నది ఇచ్చి, సెట్టింగులు కూడా మేమే చేసి పంపుతాం. రిమోట్ డెస్క్‌టాప్‌కు (ఇంటి నుంచి ఆఫీసు కంప్యూటర్ తెర చూస్తూ పనిచేయడానికి) మాత్రమే వాడుతూ, ఏ ఇబ్బందీ లేనివారు మార్చుకోనవసరం లేదు. ఆ పనికి 12 ఎంబీపీఎస్ సరిపోతుంది.