తుప్పు ఎందుకు పట్టిందో కూడా రాయండి

సంపాదకులకు నమస్కారం.

మొన్న ఆదివారం అనుబంధంలో ఉత్తర కొరియా మీద వ్యాసం చదివాను. ముప్పాతిక వంతు క్షిపణులు, కవాతులు, ప్యాంగ్యాంగ్ మేడలే. చివర్లో ఎక్కడో ‘ఈశాన్య నగరాల్లో కర్మాగారాలు తుప్పు పట్టిపోయాయి’ అని ఒక్క ముక్క. ఎందుకు పట్టాయో లేదు. విశాఖ ఉక్కులో, బొగ్గును గాలి తగలకుండా కాల్చి కోక్ చేసే కోక్ ఓవెన్ల దగ్గర ముప్ఫై ఒక్కేళ్లు పనిచేసినవాణ్ణి, నా చూపు ఆ ముక్క దగ్గరే ఆగిపోయింది.

ఆ నగరాల్లో చోంగ్‌జిన్ ఒకటి. మా విశాఖలాగే తూర్పు తీరం, రేవు, ఉక్కు కర్మాగారం. 2008 జనగణనలో 6 లక్షల 60 వేల పైచిలుకు జనం. అదే రాష్ట్రంలోని మూసాన్‌లో ఇనుప ఖనిజం కొండలకొద్దీ ఉంది. దేశంలో బొగ్గుకీ కొదవ లేదు, కాకపోతే అది ఆంత్రసైట్ అనే గట్టి రకం. మంట బాగా ఇస్తుంది గానీ ఓవెన్లో మెత్తబడి ముద్ద కట్టదు. ముద్ద కట్టకపోతే కోక్ రాదు, కోక్ రాకపోతే ఖనిజం నుంచి ఇనుము తీసే బ్లాస్ట్ ఫర్నేస్ నడవదు. మేమూ ముద్ద కట్టే కోకింగ్ బొగ్గును ఆస్ట్రేలియా నుంచి ఓడల్లో తెప్పించుకున్నవాళ్లమే. తెప్పించుకోవాలంటే డాలర్లుండాలి. 1991లో సోవియట్ యూనియన్ స్నేహ ధరలకు సరుకివ్వడం మానేసి రొక్కం అడిగేసరికి ఉత్తర కొరియా దగ్గర ఆ డాలర్లు లేవు. ఓవెన్ బ్యాటరీని, అంటే వరసగా కట్టిన ఓవెన్లని, ఒకసారి వెలిగించాక చల్లారనివ్వకూడదు. చల్లారితే సిలికా ఇటుకలు పగుళ్లిస్తాయి. సంక్రాంతి నాడూ తుపాను రాత్రీ మేం షిఫ్టుకి వెళ్లింది అందుకే.

అదే తూర్పు తీరంలోని మరో పరిశ్రమల నగరం హామ్‌హుంగ్‌ది ఇంకో గొడవ. సున్నపురాయి, బొగ్గు కరెంటు కొలిమిలో కాల్చి కార్బైడ్ చేసేవారు, మన వెల్డింగు షాపుల్లో వాడేదే. దాన్నుంచి వినలాన్ అనే దారం తీసేవారు. ఆ కర్మాగారం 1961 నాటిది, కరెంటును నీళ్లలా తాగుతుంది. కరెంటు తగ్గితే గనుల్లో నీళ్లు తోడే పంపులు ఆగుతాయి. గని మునిగితే బొగ్గు రాదు. బొగ్గు రాకపోతే కరెంటు ఇంకా తగ్గుతుంది. పక్కనే ఉన్న హుంగ్‌నామ్ ఎరువుల ఫ్యాక్టరీ మూలపడింది, పొలం పండలేదు, రేషన్ ఆగింది. భారీ పరిశ్రమ కార్మికుడికి రోజుకు 900 గ్రాముల గింజలివ్వాలన్నది కాగితం మీదే మిగిలింది. 1990ల కరువులో లక్షల్లో పోయారు. పాలకుల తప్పు లేదనను, ఉన్న కాస్తా ముందు సైన్యానికే పెట్టారు.

దక్షిణ కొరియా చేరుకున్నవాళ్లు చెప్పారు: ఆగిపోయిన ఫ్యాక్టరీల మోటార్లలోని రాగి తీగ విప్పుకెళ్లి, చైనా సరిహద్దులో అమ్మి మొక్కజొన్న తెచ్చుకున్నారట. రాగి ఎత్తుకెళ్తున్న ఇద్దర్ని నేనూ ఒకప్పుడు పట్టిచ్చాను. వాళ్లది ఆకలి కాదు.

అన్నిటికన్నా నన్ను కదిలించింది ‘ఆగస్టు 3 డబ్బు’. 1984 ఆగస్టు 3న వ్యర్థాలతో ఇంటి సామాను చేయాలని పెట్టిన ఉద్యమం పేరది. ఇప్పుడు దానికి అర్థం మారింది. పని లేకపోయినా మగవాళ్లు హాజరు వేయించుకోవాల్సిందే, లేదంటే నెలనెలా ఫ్యాక్టరీకి డబ్బు కట్టి బయటపడాలి. మా ఆవిడకి చెబితే, “జీతం ఎవరు ఎవరికిస్తున్నారండీ?” అంది. ఇల్లు గడిపేది సంతలో కూర్చున్న ఆడవాళ్లే. 2009 నవంబరులో ప్రభుత్వం 100 పాత వోన్లకు (అక్కడి డబ్బు) ఒక కొత్త వోన్ అని, మార్చుకోవడానికీ హద్దు పెట్టి, వాళ్లు దాచుకున్నదీ ఊడ్చేశారు. ఆపైన 2017లో బొగ్గు, ఇనుము, ఇనుప ఖనిజం ఎగుమతుల మీద ఐక్యరాజ్యసమితి నిషేధం, 2020లో సరిహద్దు మూత.

ఈసారి ఆ దేశం గురించి వేస్తే చోంగ్‌జిన్‌కి ఒక పేజీ ఇవ్వండి. క్షిపణి ఫొటో ఒకటి తగ్గినా పర్వాలేదు.

ఇట్లు,
కోక్ ఓవెన్స్ విశ్రాంత ఉద్యోగి,
కూర్మన్నపాలెం, విశాఖపట్నం