అటక మీది పామ్ పైలట్‌ను తూకానికి వేయకండి

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం సంచికలో పాత పరికరాల మీద వేసిన వ్యాసంలో పామ్ పైలట్ అనే జేబు కంప్యూటర్‌ను 'ఫోను కాలేకపోయిన బొమ్మ' అన్నారు. అది ఫోను కావాలని అసలు ఎవరూ అనుకోలేదు. టేబుల్ మీది కంప్యూటర్‌లో ఉన్న చిరునామాలు, తేదీలు జేబులో పెట్టుకు తిరగడానికే 1996 మార్చిలో దాన్ని తెచ్చారు. రూపకర్త జెఫ్ హాకిన్స్ ముందుగా ఆ సైజు చెక్కముక్కను చొక్కా జేబులో వేసుకుని తిరిగాడు. జేబుకు బరువైనదీ, తీసి చూసేలోపు విసుగు పుట్టించేదీ అందులో పెట్టకూడదన్నది లెక్క.

అందుకే ముందు భాగంలో నాలుగు మీటలు: క్యాలెండర్, చిరునామాలు, చేయాల్సిన పనులు, నోట్సు. ఆఫ్‌లో ఉన్నా మీట నొక్కితే నేరుగా ఆ పేజీయే తెరుచుకుంటుంది. 16 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 160×160 చుక్కల నలుపు తెలుపు తెర. పైలట్ 1000 మోడల్‌కు 128 కిలోబైట్ల మెమరీ, 5000 మోడల్‌కు 512. ఇవాళ్టి ఫోన్లో ఒక్క ఫొటోకే ఇది చాలదు. కానీ సన్న ట్రిపుల్-ఏ సెల్లు రెండు వేస్తే వారాల తరబడి నడిచేది.

వ్యాసంలో 'చేతిరాత చదివేది' అన్నదీ సరికాదు. ఆ ప్రయత్నం చేసింది 1993 నాటి యాపిల్ చేతి కంప్యూటర్ న్యూటన్, నవ్వులపాలైందీ అదే. పైలట్ దగ్గర మాత్రం మనమే దాని లిపి నేర్చుకోవాలి. పేరు గ్రాఫిటీ. దాదాపు ప్రతి అక్షరం పుల్ల (తెర మీద రాసే స్టైలస్) ఎత్తకుండా ఒక్క గీతలో అయిపోవాలి. ఇంగ్లీషు 'ఏ' అంటే అడ్డగీత లేని గుడిసె కప్పు. 'టీ' అంటే ఎడమ నుంచి కుడికి గీసి, అక్కడి నుంచే కిందికి దించడం. కుడికి చిన్న గీత గీస్తే ఖాళీ, ఎడమకు గీస్తే చెరిపివేత. తెర కింద రెండు గడులు: అక్షరాలు ఎడమ గడిలో, అంకెలు కుడి గడిలో. గడిలో అక్షరం మీద అక్షరం రాస్తూ పోవడమే, జరగక్కర్లేదు. మన లిపికి ఈ పద్ధతి కుదరదు. 'నల్లగొండ' అని రాయాలంటే ల కింద ఒత్తు, గ మీద ఒత్వం, పక్కన సున్న. పుల్ల ఎన్నిసార్లు ఎత్తాలో చూడండి. భారతీయ భాషలను మనసులో పెట్టుకుని బెంగళూరులో సింప్యూటర్ అనే చేతి కంప్యూటర్ చేసింది తర్వాతి మాట. దాని గురించి వ్యాసంలో ఒక్క ముక్కా లేకపోవడం లోటు.

వైటూకే (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల గొడవ) రోజుల్లో అమెరికా వెళ్లొచ్చిన వాళ్ల ఇళ్లల్లో, నల్లగొండలోనైనా మిర్యాలగూడలోనైనా, ఇవి అటక మీద పడి ఉండొచ్చు. ముందు సెల్లు తీసేయండి. ఆల్కలైన్ సెల్లు కారితే స్ప్రింగు మీద ఉప్పు పూసినట్టు తెల్లటి పొర కడుతుంది. అది క్షారం, ఉత్త చేత్తో ముట్టొద్దు. నిమ్మరసం అద్దిన దూదిపుల్లతో కరిగించి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరనివ్వాలి. స్ప్రింగు వెనక్కి పాకితే విప్పక తప్పదు.

లోపలి చిరునామాల మీద ఆశ పెట్టుకోవద్దు. అవి ర్యామ్‌లో, అంటే కరెంటు పోతే చెరిగిపోయే మెమరీలో, ఉండేవి. సెల్లు మార్చేటప్పుడు లోపలి కెపాసిటర్ ఒక్క నిమిషం కాపాడేది, అంతే. ఏళ్ల తరబడి సెల్లు లేకపోతే మిగిలేవి ర్యామ్‌లోవి కాదు, రోమ్‌లోని (చెరగని మెమరీలోని) ప్రోగ్రాములే. నకలు ఉంటే గింటే పాత కంప్యూటర్ హార్డ్‌డిస్క్‌లో ఉంటుంది. స్టాండు మీట నొక్కి హాట్‌సింక్ (కంప్యూటర్‌తో సమాచారం సరిచూసుకోవడం) చేసిన ప్రతిసారీ అక్కడికి చేరేది.

కొత్త సెల్లు వేసినా మొండికేస్తే పవర్ మీట పట్టుకుని, వెనక సన్న రంధ్రంలో విప్పిన పేపర్ క్లిప్‌తో రీసెట్ నొక్కి వదలండి. అన్నీ చెరపాలా అని అడిగితే పైకి జరిపే మీట నొక్కాలి. రీఛార్జి సెల్లు వేస్తే అవి 1.2 వోల్టులే కాబట్టి బ్యాటరీ గుర్తు అబద్ధం చెబుతుంది. పుల్ల ఒకచోట పెడితే మరోచోట తగులుతుంటే ప్రిఫరెన్సెస్‌లో (సెట్టింగులు) తెర తాకుడు సరిచేసే డిజిటైజర్ తెరిచి గుర్తుల నడిమధ్య తాకండి. మన ఎండాకాలంలో బండి ట్యాంకు కవర్లో పెడితే తెర నల్లబడుతుంది. నీడలో చల్లారనివ్వండి, కంట్రాస్ట్ చక్రం తిప్పి లాభం లేదు.

క్యాలెండర్ 2031 దాకా తేదీలు చూపిస్తుంది.

— ఒక రిపేరు మెకానిక్, నల్లగొండ