మీటరు వెనక్కి తిప్పిన కార్లు

ఎడిటర్ గారికి,

ఒంగోలు నుంచి నెల్లూరు దాకా సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీల్లో పదేళ్ల డీజిల్ బండి మీటరు కూడా నలభై, యాభై వేల దగ్గరే ఆగి ఉంటోంది. ఎక్కువ ధర పెట్టి డీజిల్ కారు కొన్నవాళ్లు ఏడాదికి నాలుగైదు వేలే తిప్పి షెడ్డులో పెట్టుకున్నారంటే ఎలా నమ్మాలి? నెల్లూరు నుంచి చెన్నై వెళ్లొస్తేనే దాదాపు 350 కిలోమీటర్లు, వారానికి ఒక్కసారి వెళ్లినా ఏడాదికి 18 వేలు దాటుతుంది.

మా బావగారు కొన్న కారు మీటరు 58 వేలు చూపించింది. కంపెనీ సర్వీస్ సెంటర్లో బండి నంబరు చెప్పి పాత జాబ్ కార్డులు (సర్వీసు రికార్డులు) తీయిస్తే, రెండేళ్ల కిందటే లక్షా పది వేలు దాటింది. అమ్మినాయన్ని అడిగితే "మాకు అలాగే వచ్చింది" అన్నాడు, అంతే.

డిజిటల్ మీటరు కదా, మార్చలేరనుకోవడం తప్పు. చిన్న పరికరం తగిలించి నిమిషాల్లో మార్చేస్తారు. అయితే కొన్ని కార్లలో ఇంజన్, ఏబీఎస్ (బ్రేకుల) కంప్యూటర్లలో అసలు లెక్క మిగిలిపోతుంది, మంచి మెకానిక్ స్కానర్ పెడితే దొరుకుతుంది. ముప్పై వేలు తిరిగిందంటున్న బండికి క్లచ్, బ్రేక్ పెడల్ రబ్బర్లు నున్నగా అరిగి ఉంటే అనుమానించాలి, పాత బండికి అవే కొత్తగా మెరుస్తున్నా అడగాలి. స్టీరింగ్ కవరు, సీటు కవరు తీయించి లోపల చూడండి, డ్రైవరు సీటు తలుపు వైపు అంచు నలిగిపోయిందంటే బాగా తిరిగిన బండే. టైరు మీద తయారీ తేదీకి నాలుగు అంకెలుంటాయి, 3219 అంటే 2019లో 32వ వారం. కారు కన్నా టైర్లు బాగా కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి, వయసు మీరినా మారుస్తారు కాబట్టి అదొక్కటే రుజువు కాదు.

పోయేది డబ్బు ఒక్కటే కాదు. టైమింగ్ బెల్ట్ (వాల్వుల్ని సరైన సమయానికి కదిపే బెల్టు) ఉన్న ఇంజన్లలో దాన్ని కిలోమీటర్ల లెక్కన మార్చాలి, తప్పుడు మీటరు నమ్మి మార్చకపోతే దారిలో తెగి చాలా ఇంజన్లలో వాల్వులు దెబ్బతింటాయి, ఆ రిపేరు ఖర్చు మధ్యతరగతి ఇంటికి మామూలు భారం కాదు.

పాత కార్ల డీలర్లు ఆర్టీవో దగ్గర అనుమతి తీసుకోవాలని, తమ దగ్గరున్న బండి ఎందుకు, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో రిజిస్టరు పెట్టాలని కేంద్రం 2022 డిసెంబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. మన జిల్లాల్లో రవాణా శాఖ అధికారులు ఒక్కసారి ఈ షాపులు తిరిగి ఆ రిజిస్టర్లు చూడాలి. బండి పేరు మార్చే ఫారం 29, 30లలో మీటరు రీడింగుకు కూడా ఒక గడి పెట్టాలి. బెల్జియంలో 2006 నుంచి పాత కారు అమ్మాలంటే కిలోమీటర్ల చరిత్ర కాగితం ఇచ్చి తీరాలి, ఇక్కడ ఎందుకు కుదరదు?

ఈలోగా కొనేవాళ్లు అమ్మకం కాగితం మీద ఆ రోజు రీడింగు, "ఇది అసలైనదే" అన్న మాట రాయించి సంతకం తీసుకోండి. రేపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే చేతిలో ఉండేది ఆ కాగితమే. సంతకం పెట్టనంటే ఆ బండి వద్దు.

— ఒక పాఠకుడు, కావలి