వేసవి సెలవుల్లో మన పిల్లలు: ఆదివారం తప్పక రండి

అందరికీ నమస్కారం 🙏

సెలవులు మొదలయ్యాయి. మనం ఆఫీసులకు వెళ్లాక పిల్లలు పొద్దంతా ఫోన్లతోనే గడుపుతున్నారు. మొన్న మన తొమ్మిదో తరగతి పిల్లలిద్దరు ఇంట్లో చెప్పకుండా బండి తీసుకుని మెయిన్ రోడ్డెక్కారు. దేవుడి దయవల్ల ఏమీ కాలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మైనర్ బండి నడిపి పట్టుబడితే చట్టప్రకారం తల్లిదండ్రులకో, బండి యజమానికో 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు. బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. దయచేసి తాళాలు చేతికందేలా పెట్టకండి.

ఆదివారం సాయంత్రం 5:30కి టెర్రస్ మీద కలుద్దాం. రోజూ గంటసేపు షటిల్, చెస్, ఏడుపెంకులాట అనుకుంటున్నాం. అష్టాచెమ్మా నేర్పడానికి మన బామ్మలు ముందే ఒప్పుకున్నారు, వాళ్ల ఉత్సాహం చూడాలి!

ఇంటికొకరు వారంలో ఒక్క సాయంత్రం పిల్లలతో ఉంటే చాలు. మీకు వీలైన రోజు, ఫ్లాట్ నంబరు శనివారం రాత్రిలోగా ఇక్కడే పెట్టండి.

రాత్రి భోజనాల వేళ ఫోన్లు పక్కన పెట్టి కబుర్లు చెప్పుకుందాం, ముందు పెద్దవాళ్లం మొదలుపెడదాం.

మరో మాట: పెద్దవాళ్లు తోడు లేకుండా చెరువుకి ఈతకు పంపొద్దు.

ఆదివారం పిల్లల్ని కూడా తీసుకురండి, ఏ ఆటలు కావాలో వాళ్లనే అడుగుదాం.