నీ నడుము గురించి

బుజ్జి తల్లీ,

నువ్వు పంపిన ఎంఆర్ఐ రిపోర్టు చదివాను. ‘ఎల్4-ఎల్5 దగ్గర డిస్క్ బల్జ్’, అంటే నడుములో నాలుగో, ఐదో వెన్నుపూసల మధ్య ఉండే మెత్తలాంటి డిస్క్ కొంచెం బయటికి పొంగింది అన్న మాట పట్టుకుని రాత్రంతా నిద్రపోలేదని అమ్మ చెప్పింది. ముందు ఆ టెన్షన్ తగ్గించుకో. నడుము నొప్పంటే ఏంటో తెలియని 20 ఏళ్ల పిల్లలకు స్కాన్ తీసినా, సుమారు 30 శాతం మందిలో ఇలాంటి బల్జ్ కనబడుతుంది. ఫిజియోథెరపీ చేసే నాన్నగా చెబుతున్నాను, నీ డిస్క్ పాడైపోయిందని ఆ రిపోర్టుకు అర్థం కాదు.

డిస్క్ మధ్యలో నీటిని గట్టిగా పట్టి ఉంచే గుజ్జు ఉంటుంది. దాని చుట్టూ కొలాజెన్ అనే గట్టి ప్రొటీన్ పోగుల పొరలు 15 నుంచి 25 దాకా ఉంటాయి. నులక మంచం అల్లికలాగా ఒక పొరలో పోగులు ఒకవైపు వాలితే, పక్క పొరలో ఎదురువైపు వాలతాయి. పైనుంచి బరువు పడితే గుజ్జు నాలుగు పక్కలా నెడుతుంది, పోగులన్నీ బిగిసి ఆపుతాయి. అదే నడుము మెలి తిప్పితే ఒకవైపు వాలినవే బిగుస్తాయి, మిగతా సగం వదులైపోతాయి. అందుకే వంగి, పక్కకు తిరిగి బకెట్ ఎత్తొద్దని అంతగా పోరేది.

గుజ్జుకు పైనా కిందా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ మందంతో మృదులాస్థి పలకలు ఉంటాయి. నాకు అన్నిటికన్నా విలువైనవి అవే. పెద్దయ్యాక డిస్క్ లోపలికి రక్తనాళాలు వెళ్లవు, అక్కడి కణాలకు తిండి చాలావరకు ఆ పలకల గుండానే ఊరాలి. పగలు బరువుకు డిస్క్‌లోంచి నీరు కొంత బయటికి పోతుంది, పడుకుంటే తిరిగి చేరుతుంది. సాయంత్రానికి మనం ఒక శాతం దాకా పొట్టి అవుతాం కూడా! తెల్లవారుజామున డిస్క్ నీటితో ఉబ్బి ఉంటుంది కాబట్టి అప్పుడు వంగితే లాగుడు ఎక్కువ. లేచాక మొదటి గంట ముందుకు వంగే పనులు, వ్యాయామాలు పెట్టుకోకు.

కుర్చీని మాత్రం మరీ తిట్టుకోకు. స్వీడన్ డాక్టర్ ఆల్ఫ్ నాకెమ్సన్ 1960ల్లో డిస్క్‌లోకి సూది పంపి ఒత్తిడి కొలిచి, నిలబడినప్పటికంటే కూర్చుంటే ఎక్కువన్నాడు. 1999లో జర్మనీ నుంచి వచ్చిన కొలతల్లో, వెనక్కి ఆనుకుని తీరిగ్గా కూర్చుంటే ఒత్తిడి పెరగలేదు. ఒత్తిడిని కొలిచే మెగాపాస్కల్ లెక్కలో చెప్పాలంటే నిలబడితే 0.5, వీపు వంచి 20 కిలోలు ఎత్తితే 2.3! నీకు చేటు చేసేది ఒకే భంగిమలో గంటలు గడపడం. ఫోన్ వస్తే లేచి నడుస్తూ మాట్లాడు. నొప్పి ఉన్నా మంచానికి అతుక్కుపోకు.

మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరి వచ్చినా, కాలు బలహీనపడినా ఆ క్షణమే ఆసుపత్రికి వెళ్లు, నాకు ఫోన్ తర్వాత చేయొచ్చు. కాళ్ల బలం తెలియడానికి ఇవాళ మడమల మీద పది అడుగులు నడువు. రెండు కాళ్ల బొటనవేళ్లూ సమానంగా పైకి లేస్తున్నాయో లేదో చూసి రాత్రికి చెప్పు.

నాన్న